ఉష్ణోగ్రత, ఉష్ణం, పదార్థ స్థితులు: కాశిబుగ్గ పరిసరాల నుంచి ఒక పరిశీలన

ఒక వస్తువు ఎంత వేడిగా ఉందో అంకెలో చెప్పే కొలత ఉష్ణోగ్రత. ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి ప్రవహించే శక్తి ఉష్ణం. తెలుగు వాడుకలో ఈ రెండింటికీ 'వేడి' అనే ఒకే మాట సరిపెడుతున్నాం. నీళ్ళు వేడిగా ఉన్నాయంటాం, పొయ్యి వేడి తగిలిందనీ అంటాం. బడిలో చాలామంది పిల్లలు తడబడేది ఇక్కడే. మంచు కరుగుతున్నంతసేపూ దాని ఉష్ణోగ్రత ఎందుకు పెరగదు, మరిగే నీటి కింద మంట పెంచినా అన్నం ఎందుకు తొందరగా ఉడకదు, మట్టి కుండ రంజన్‌లో నీళ్ళు ఎవరు చల్లబరిచారు అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ రెండు అర్థాలను విడదీయడంలోనే ఉంది.

ఈ విషయాన్ని వివరించడానికి వరంగల్ నగరంలోని కాశిబుగ్గ చాలా అనువైన చోటు. మే నెలలో ఇక్కడి నడి వీధిలో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంటే, పక్కనే ఉన్న ఏనుమాముల మార్కెట్ చుట్టూ కోల్డ్ స్టోరేజీల గదుల్లో మిర్చి బస్తాలు 4 నుంచి 8 డిగ్రీల చలిలో పేర్చి ఉంటాయి. మధ్యలో ఉన్నది ఒక గోడ. ఆ గోడకు ఇటూ అటూ ఉన్న నలభై డిగ్రీల తేడాను నిలబెట్టేది ఒక ద్రవం ఆవిరి కావడం, ఆ ఆవిరి మళ్ళీ ద్రవం కావడం.

ఎండ అంకె ఎక్కడిది?

వార్తల్లో చెప్పే ఉష్ణోగ్రత ఎండది కాదు, నీడది. వాతావరణ శాఖ తన థర్మామీటర్లను తెల్ల రంగు వేసిన, గాలి ఆడే పలకల చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగులకు పైగా ఎత్తున ఉంచుతుంది. దాని పేరు స్టీవెన్సన్ తెర. సూర్యకిరణం నేరుగా తాకితే థర్మామీటరు గాలి వేడిని కాకుండా తన గాజు వేడిని చూపుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. అందుకే 44 అని విన్న రోజున తారు రోడ్డు మీద కాలు పెడితే 60 దాటిన వేడి తగలడంలో తప్పేమీ లేదు. రెండు అంకెలూ నిజమే, కొలిచిన వస్తువులు వేరు.

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ రోజుకు ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాలి అంటుంది. 6.4 డిగ్రీలకు మించి ఎక్కువైతే తీవ్ర వడగాలి. మామూలుతో పోలిక లేకుండా చూస్తే 45 వడగాలికి, 47 తీవ్ర వడగాలికి గుర్తు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది బయట పనిచేసే కూలీలు, వృద్ధులు.

అదే ఊళ్ళో, అదే రోజున జ్వరం వచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకువెళ్తే డాక్టరు '102 ఉంది' అంటాడు. గాలికి సెల్సియస్, ఒంటికి ఫారెన్‌హీట్. ఇంటింటా రెండు కొలమానాలు పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చడం కష్టమేమీ కాదు. ఫారెన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, 5తో గుణించి, 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. 98.6 అంటే 37, 104 అంటే 40, మన మే నెల 45 డిగ్రీలు అంటే 113. రెండు కొలమానాలూ ఒకే అంకె చూపేది ఒక్క చోటే, సున్నాకు దిగువ 40 దగ్గర.

కొలమానాల పుట్టుక, కళాయివాళ్ళ నవాసారం

వేడిని చేత్తో తాకి చెప్పడం మనిషికి మొదటి నుంచీ తెలుసు. చేతిని నమ్మలేమన్న సంగతి కూడా తెలుసు. ఒక చేయి చల్లనీళ్ళలో, మరో చేయి వేడినీళ్ళలో కాసేపు ఉంచి, రెండింటినీ ఒకేసారి గోరువెచ్చని నీళ్ళలో పెడితే ఒకటి వేడి అంటుంది, రెండోది చల్లన అంటుంది. అంకె అవసరమైంది ఇందుకే. పదహారో శతాబ్దం చివర్లో గెలీలియో కాలపు ఇటలీలో గాలి వ్యాకోచం ఆధారంగా వేడి హెచ్చుతగ్గులు చూపే గొట్టాలు వచ్చాయి. వాటి మీద గీతలు లేవు, పైగా వాతావరణ పీడనం మారినా అవి కదిలేవి. 1654 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో గాజు గొట్టంలో సారాయి పోసి మూతి మూసేయడంతో పీడనం బెడద తీరింది.

అసలు మలుపు డానియెల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్‌తో వచ్చింది. 1686లో డాన్‌జిగ్‌లో పుట్టి హాలండ్‌లో స్థిరపడిన ఈ పరికరాల పనివాడు 1714లో పాదరసం థర్మామీటరు తయారుచేశాడు, 1724లో తన కొలమానాన్ని ప్రకటించాడు. దానికి సున్నా ఎక్కడ పెట్టాడన్నది మన ప్రాంతం వాళ్ళకు ఆసక్తి కలిగించే సంగతి. మంచు, నీరు, నవాసారం కలిపితే వచ్చే చలి ఆయన సున్నా. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. మన వీధుల్లోకి 'కళాయి పూస్తాం' అని కేకేస్తూ వచ్చేవాళ్ళు వేడెక్కిన ఇత్తడి గిన్నె మీద చల్లి రుద్దే తెల్లటి పొడి అదే. ఆయన దాన్ని చలి పుట్టించడానికి వాడాడు, మనవాళ్ళు కాలుతున్న గిన్నె శుభ్రం చేయడానికి వాడారు. నవాసారం సున్నా, మంచు కరిగే చోటు 32, ఆరోగ్యవంతుడి ఒంటి వేడి 96 అని ఫారెన్‌హీట్ అనుకున్నాడు. ఆయన మరణానంతరం కొలమానాన్ని నీరు మరిగే 212 దగ్గర బిగించడంతో ఒంటి వేడి జరిగి 98.6 దగ్గర నిలిచింది. జర్మన్ వైద్యుడు వుండర్లిష్ 1868లో వేలాది రోగుల కొలతల నుంచి చెప్పిన సగటు 37 డిగ్రీల సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే వచ్చిన అంకె ఇది. దశాంశం తర్వాత 6 ఉండడం కొలత కచ్చితత్వానికి గుర్తు కాదు, మార్పిడి వల్ల వచ్చింది. ఆరోగ్యవంతుల్లో కూడా ఉదయానికీ సాయంత్రానికీ, మనిషికీ మనిషికీ ఆ అంకె మారుతుంది.

స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో నూరు భాగాల కొలమానం ప్రతిపాదించాడు. ఆయన నీరు మరిగే చోటును సున్నా అన్నాడు, మంచు కరిగే చోటును 100 అన్నాడు. 1744లో ఆయన చనిపోయాక తోటివాళ్ళు దాన్ని తలకిందులు చేసి నేటి రూపం ఇచ్చారు. రెండు వందల ఏళ్ళు సెంటీగ్రేడ్‌గా చెలామణి అయిన ఆ కొలమానానికి 1948లో సెల్సియస్ పేరు ఖాయమైంది. సెల్సియస్ కంటే ముందే ఫ్రాన్స్‌లో రెయోమ్యూర్ ప్రతిపాదించిన 80 భాగాల కొలమానం కొంతకాలం నడిచి కనుమరుగైంది.

ఈ కొలమానాలన్నిటిలో సున్నా మనిషి తన వీలు కోసం పెట్టుకున్నది. ప్రకృతికి తనదైన సున్నా ఉందా అని అడిగినవాడు విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్. 1848లో ఆయన ప్రతిపాదించిన కొలమానం పరమ శూన్యం నుంచి మొదలవుతుంది. సెల్సియస్‌లో అది సున్నాకు దిగువ 273.15. అంతకంటే చల్లదనం లేదు. 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు వేడి అనుకోవడం తప్పని చూపేదీ ఈ కొలమానమే. కెల్విన్లలో అవి 313, 293. తేడా ఏడు శాతం లోపే. 1954 నుంచి నీటి త్రిక బిందువు, అంటే మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండే ఒకే ఒక్క స్థితి, 273.16 కెల్విన్లుగా కొలమానానికి ఆధారమైంది. 2019 మే 20 నుంచి ఆ ఆధారం కూడా మారింది. అణువుల చలనశక్తికీ ఉష్ణోగ్రతకూ లంకె వేసే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం విలువను బిగించి, దాని నుంచి కెల్విన్‌ను నిర్వచిస్తున్నారు. మన దేశంలో ఈ ప్రమాణాన్ని కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

ప్రయోగశాలల్లో థర్మామీటర్లను సరిచూసేందుకు లోహాలు గడ్డకట్టే ఉష్ణోగ్రతలనే ఆనవాళ్ళుగా వాడతారు. తగరం 231.928, వెండి 961.78, బంగారం 1064.18, రాగి 1084.62 డిగ్రీలు. శుద్ధ లోహం గడ్డకడుతున్నంతసేపూ ఉష్ణోగ్రత కదలదు. ఆ కదలకపోవడమే కొలమానానికి స్తంభం.

అణువుల కథ

ఘనపదార్థంలో అణువులు తమ తమ చోట్లలో ఉండి కంపిస్తుంటాయి. వేడి ఇచ్చేకొద్దీ కంపనం పెరుగుతుంది, వాటి మధ్య దూరం కాస్త పెరుగుతుంది, వస్తువు వ్యాకోచిస్తుంది. కాజీపేట మీదుగా వెళ్ళే రైలు పట్టాలనే తీసుకోండి. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు మిల్లీమీటరులో దాదాపు 80వ వంతు సాగుతుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కిలోమీటరు పట్టా శీతాకాలపు తెల్లవారుజాము నుంచి మే మధ్యాహ్నం వరకు 40 డిగ్రీలు వేడెక్కితే, అడ్డు లేకుంటే, దాదాపు అర మీటరు పెరుగుతుంది. అతుకులు లేకుండా వెల్డింగ్ చేసిన నేటి పట్టాలను స్లీపర్లు, కంకర కలిసి కదలకుండా బిగించి ఉంచుతాయి. వేసవిలో గ్యాంగ్‌మన్లు పట్టాల వెంట నడుస్తూ చూసేది ఆ బిగింపు ఎక్కడైనా ఓడిపోయి పట్టా వంకర పోయిందా అని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత వెనుక కూడా వ్యాకోచమే ఉంది. రాయి పైపొర వేడెక్కినంత తొందరగా లోపలి పొర వేడెక్కదు.

కంపనం ఒక హద్దు దాటితే అణువులు ఒకదాని చుట్టూ ఒకటి జారడం మొదలుపెడతాయి. అది ద్రవం. ఒకదాన్నొకటి పూర్తిగా వదిలేస్తే వాయువు. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. గడ్డకట్టేటప్పుడు మాత్రం నీరు లోకానికి ఎదురు నడుస్తుంది. దాదాపు అన్ని పదార్థాలూ గడ్డకడితే కుంచించుకుపోతాయి. నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. ఫ్రీజర్‌లో నిండుగా పెట్టిన గాజు సీసా పగలడానికి కారణం ఇదే.

గుప్తోష్ణం: థర్మామీటరుకు చిక్కని వేడి

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కేలరీ కావాలి. సున్నా డిగ్రీల మంచు ఒక గ్రామును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి 80 కేలరీలు కావాలి. నూరు డిగ్రీల నీటిని నూరు డిగ్రీల ఆవిరిగా మార్చడానికి దాదాపు 540 కేలరీలు కావాలి. ఈ రెండు మార్పుల్లోనూ థర్మామీటరు ఒక్క గీత కూడా కదలదు. ఇచ్చిన వేడి దాదాపు అంతా అణువుల మధ్య బంధాలు తెంచడానికే ఖర్చయిపోతుంది. గ్లాస్గోలో పాఠాలు చెబుతున్న జోసెఫ్ బ్లాక్ 1760ల మొదట్లో దీన్ని పసిగట్టి, దాగిన వేడి అన్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు గుప్తోష్ణం. భౌతికశాస్త్రంలో ఇంత చక్కగా కుదిరిన తెలుగు పారిభాషిక పదాలు కొన్నే ఉన్నాయి.

పొయ్యి మీద దీన్ని చూడవచ్చు. లీటరు నీళ్ళు 28 డిగ్రీల నుంచి మరగడానికి ఎనిమిది నిమిషాలు పట్టిందనుకుందాం. అదే మంట మీద ఆ నీళ్ళు పూర్తిగా ఇగిరిపోవడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంటసేపూ నీటి ఉష్ణోగ్రత మారదు. కాబట్టి నీళ్ళు తెర్లడం మొదలయ్యాక మంట పెంచితే గ్యాస్ ఖర్చవుతుంది, ఆవిరి ఎక్కువ లేస్తుంది, అన్నం మాత్రం అదే వేడిలో ఉడుకుతుంది. వేడి పెంచాలంటే పీడనం పెంచాలి. ప్రెషర్ కుక్కర్‌లో నీరు సుమారు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున్న వరంగల్‌లో మూత లేని గిన్నెలో నీరు మరిగేది 100 దగ్గర కాదు, దానికి ఒక డిగ్రీ కిందే.

మరగకుండానే ఆవిరి కావడం గుప్తోష్ణపు రెండో ముఖం. ద్రవంలో అన్ని అణువులకూ ఒకే వేగం ఉండదు. వేగం ఎక్కువున్నవి ఉపరితలం నుంచి ఎగిరిపోతాయి, మిగిలినవాటి సగటు శక్తి తగ్గుతుంది, ద్రవం చల్లబడుతుంది. రంజన్ మట్టి గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆరిపోతూ లోపలి నీటి నుంచి వేడి లాక్కుంటుంది. కల్లాల్లో ఆరబోసిన మిర్చిలోంచి, ఏనుమాములకు వచ్చే పత్తిలోంచి నీరు పోవడానికి కూడా వంద డిగ్రీలు అక్కర్లేదు, పొడి గాలి, ఎండ చాలు. పత్తిలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉంటేనే భారత పత్తి సంస్థ మద్దతు ధరకు కొంటుంది. రైతు తెచ్చిన పత్తిలో తేమ యంత్రం గుచ్చినప్పుడు కనిపించే అంకె అతని ఏడాది కష్టానికి ధర కడుతుంది. అది నిజానికి ఆ పత్తి ఎంత ఎండ తిన్నదో చెప్పే అంకె.

ఇక కోల్డ్ స్టోరేజీ. వ్యాపారులు 'ఏసీ మిర్చి' అనే సరుకు అక్కడ ఉండి వచ్చిందే. మామూలు గోదాములో నెలలు గడిస్తే మిర్చి ఎరుపు తగ్గుతుంది, పురుగు పడుతుంది. 4 నుంచి 8 డిగ్రీల్లో ఆ రెండూ మందగిస్తాయి, ధర వచ్చేదాకా రైతు ఆగగలుగుతాడు. పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో చలికి మూలం అమ్మోనియా. మామూలు పీడనంలో అది సున్నాకు దిగువ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవ అమ్మోనియాను గొట్టాల్లోకి వదిలితే అది మరుగుతూ ఆవిరవుతుంది, అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని గదిలోని గాలి నుంచి, గాలి ద్వారా మిర్చి నుంచి లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పట్టుకుని నొక్కుతుంది. వాతావరణ పీడనానికి సుమారు పదిహేను రెట్లు నొక్కితే 40 డిగ్రీల ఎండలోనూ అమ్మోనియా ద్రవంగా మారుతుంది. మారేటప్పుడు దాచుకున్న వేడినంతా బయట వదిలేస్తుంది. అందుకే కోల్డ్ స్టోరేజీ గోడ వెనుక నిలబడితే వేడి గాలి కొడుతుంది. లోపల చలి తయారు కాలేదు, లోపలి వేడి బయటికి మోసుకురాబడింది.

ఇళ్ళలో 'ఒకటిన్నర టన్ను ఏసీ' అంటారు కదా, ఆ టన్ను కూడా గుప్తోష్ణపు కొలతే. యంత్రాలు రాకముందు అమెరికాలో మంచు దిమ్మలతో గదులు చల్లబరిచేవారు. అక్కడి ఒక టన్ను, అంటే 907 కిలోల మంచు, ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని లాగగల యంత్రం ఒక టన్ను యంత్రం. లెక్క వేస్తే సుమారు 3.5 కిలోవాట్లు. ఏసీ బరువుతో దానికి సంబంధం లేదు.

వంటింటి కొలతలు

సంక్రాంతికి వరంగల్, కరీంనగర్ ఇళ్ళలో సకినాలు చేస్తారు. తడి బియ్యప్పిండిని గుడ్డ మీద చుట్లు చుట్టి, కాస్త ఆరాక 170, 180 డిగ్రీల నూనెలో వేస్తే ఒక్కసారిగా బుడగలు లేస్తాయి. ఆ బుడగలు నూనెవి కావు, పిండిలోని నీరు ఆవిరై పైకి వస్తోంది. నీరు ఉన్నంతసేపూ సకినం లోపల వేడి వంద డిగ్రీల చుట్టూనే ఆగుతుంది. బుడగలు సద్దుమణిగాయంటే నీరు పోయిందని అర్థం. అప్పటినుంచి సకినం వేడి పైకి ఎగబాకుతుంది, కరకరలాడుతుంది, క్షణం ఆలస్యమైతే మాడుతుంది. 'సుయ్' చప్పుడు తగ్గగానే తీసే ఇల్లాలు థర్మామీటరు చెప్పలేని సంగతిని చెవితో వింటోంది.

పాకం సంగతి ఇంకా గొప్పది. బెల్లం, నీళ్ళు కలిపి మరిగిస్తే నీరు ఇగిరేకొద్దీ మిగిలిన ద్రావణం చిక్కబడుతుంది, దాని మరుగు స్థానం పెరుగుతుంది. సుమారు 110 డిగ్రీల దగ్గర తీగపాకం, 115 దాటాక ఉండపాకం. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో ఉండ కడుతుందో లేదో చూసి అరిసెల పిండి కలిపే పద్ధతికి, మిఠాయి కర్మాగారంలో థర్మామీటరు పెట్టి చూసే పద్ధతికి ఫలితంలో తేడా లేదు. డిసెంబరు ఉదయం కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టిందంటే ఆ గదిలో వేడి 24 డిగ్రీలకు దిగిందని గోడ మీద థర్మామీటరు లేకుండానే చెప్పవచ్చు.

కొలిమి

కళాయి పనివాడు గిన్నెను బొగ్గుల మీద వేడిచేసి, నవాసారం చల్లి, తగరపు కడ్డీని ఆనిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరిగి పాదరసంలా పరుచుకుంటుంది. నవాసారం మాత్రం కరగదు. ఘనస్థితి నుంచి నేరుగా వాయువులుగా విడిపోయి, పైన చల్లని గాలిలో మళ్ళీ కలిసి తెల్లటి పొగగా కనిపిస్తుంది. పోతూ పోతూ గిన్నె మీది చిలుమును తీసుకుపోతుంది. ఘనం నేరుగా వాయువు కావడాన్ని ఉత్పతనం అంటారు. బట్టల పెట్టెలో కలరా ఉండలు చిన్నబోవడం, మూత లేని డబ్బాలో పూజ కర్పూరం తరిగిపోవడం దానికి అచ్చమైన ఉదాహరణలు.

ఆసిఫాబాద్ ప్రాంతపు ఓజ కళాకారులు డోక్రా బొమ్మలు పోసే పద్ధతిలో రెండు ద్రవీభవన స్థానాల మధ్య దూరమే సాధనం. తేనెమైనం 60 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, ఇత్తడికి 900 పైన కావాలి. మైనపు బొమ్మ చుట్టూ మట్టి పూసి కాలిస్తే మైనం జారిపోతుంది, ఆ ఖాళీలో ఇత్తడి చేరుతుంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

తెలంగాణ చరిత్రలో వేడిని లొంగదీసుకున్న అతి గొప్ప ఉదాహరణ నిజామాబాద్ వైపున్న కోనసముద్రం. శుద్ధ ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. తిత్తులతో ఊదే కొలిమిలో అది దాదాపు అసాధ్యం. అక్కడి పనివాళ్ళు మూసిన మూసల్లో ఇనుముకు కర్బనం పట్టించారు. కర్బనం కలిసేకొద్దీ ఇనుము ద్రవీభవన స్థానం పడిపోతుంది, నూటికి ఒకటిన్నర పాళ్ళు చేరితే కొలిమికి అందే హద్దులోకి వస్తుంది. అలా పుట్టిన ఉక్కు పర్షియా వర్తకుల చేతుల మీదుగా పశ్చిమాసియా కత్తుల్లోకి చేరింది. ఐరోపావాళ్ళు దాన్ని వూట్జ్ అన్నారు, ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందన్నది ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1820ల నాటి అక్కడి పనిని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ రాసిపెట్టాడు. ఆ పనివాళ్ళ చేతిలో ఏ కొలమానమూ లేదు, మంట రంగే వాళ్ళ కొలమానం. మసక ఎరుపు అంటే 600 పైన, నారింజ అంటే 900 పైన, తెలుపు అంటే 1,300 చేరువ. వస్తువు వేడికీ అది వెలువరించే కాంతికీ ఉన్న ఈ సంబంధానికి 1900లో మాక్స్ ప్లాంక్ సూత్రం ఇచ్చాడు. కరోనా కాలంలో నుదుటి ముందు పెట్టి చూసిన తుపాకీ థర్మామీటరు కూడా ఈ సంబంధం మీదే నడుస్తుంది, కాకపోతే అది చూసే కాంతి మన కంటికి కనిపించదు.

వేడి తెచ్చే మార్పులన్నీ స్థితి మార్పులు కావని కూడా గుర్తుంచుకోవాలి. కోడిగుడ్డు ఉడికి గట్టిపడితే చల్లార్చినా మళ్ళీ ద్రవం కాదు. మట్టి కాలి ఇటుక అయితే తిరిగి మట్టి కాదు. 1213లో వెలసి, 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడినవీ అలా కాల్చిన ఇటుకలే, కానీ అవి నీటిపై తేలుతాయి. వాటి నిండా గాలి రంధ్రాలే.

గీత చెరిగే చోట్లు

మూడు స్థితుల విభజన బడి పుస్తకంలో ఉన్నంత నిక్కచ్చిగా లోకంలో లేదు. తారుకు ద్రవీభవన స్థానం లేదు. దాని అణువులకు స్ఫటికాల వరుస లేదు కాబట్టి మెల్లగా మెత్తబడుతుంది అంతే. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ 30 తారు మెత్తబడే స్థానం కనీసం 47 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. మే మధ్యాహ్నం రోడ్డు ఉపరితలం దాన్ని దాటేస్తుంది, చెప్పు అంటుకుంటుంది. నెయ్యి కూడా ఒక్క అంకె దగ్గర కరగదు, అది రకరకాల కొవ్వుల మిశ్రమం. గ్యాస్ సిలిండర్‌లో ఉన్నది గది వేడిలోనే ద్రవం, పీడనం దాన్ని అలా ఉంచుతోంది. పీడనం వాతావరణ పీడనానికి సుమారు 220 రెట్లు, వేడి 374 డిగ్రీలు దాటితే నీటికీ ఆవిరికీ మధ్య తేడాయే చెరిగిపోతుంది. రామగుండంలో ఎన్‌టీపీసీ కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్ల బాయిలర్లు ఈ హద్దుకు పైనే నడుస్తాయి.

ఇంకా వేడెక్కిస్తే అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మా ఏర్పడుతుంది. పిడుగు, ట్యూబులైటు లోపలి వెలుగు, సూర్యుడు అన్నీ అదే. అటు చలి కొసన, సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన లెక్క ఆధారంగా ఐన్‌స్టీన్ ఊహించిన మరో పదార్థ స్థితిని 1995లో కొలరాడోలో రుబీడియం పరమాణువులను పరమ శూన్యానికి అతి చేరువగా చల్లార్చి సాధించారు.

చలిలో వాయువులు ద్రవాలవుతాయన్న సంగతి 2021 ఏప్రిల్‌లో, కరోనా ఉధృతిలో, ఊపిరి సంగతి అయింది. గాలిని చల్లార్చి ద్రవంగా మార్చి, మెల్లగా వేడెక్కనిస్తే నైట్రోజన్ సున్నాకు దిగువ 196 దగ్గర, ఆక్సిజన్ 183 దగ్గర విడివిడిగా మరుగుతాయి. ఉక్కు కర్మాగారాలు ఆక్సిజన్ తీసేది ఇలాగే. విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ట్యాంకర్లతో ఆ నెలలో ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు వెళ్ళింది. ఒక లీటరు ద్రవ ఆక్సిజన్ 860 లీటర్ల వాయువవుతుంది. ద్రవంగా మార్చకపోతే అంత ప్రాణవాయువును రైలెక్కించడం కుదిరేది కాదు.

బుగ్గ అంటే తెలుగులో ఊట. కాశిబుగ్గ పేరులో ఉన్న ఆ మాటకు వేడి రూపం మణుగూరు దగ్గరి పగిడేరులో ఉంది. బొగ్గు కోసం వేసిన బోరుబావుల్లోంచి అక్కడ వేడినీరు ఎగజిమ్ముతోంది. ఆ వేడి నీటిని మరిగించేంత ఎక్కువ కాదు. అయినా తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని మూసిన గొట్టాల్లో ఆవిరి చేసి, దానితో టర్బైన్ తిప్పే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని సింగరేణి అక్కడ నెలకొల్పింది.

చివరిగా, ఒంటి సంగతి

మనిషి శరీరం 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. చుట్టూ గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, చెమట. లీటరు చెమట ఒంటి మీద ఆరితే 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఏప్రిల్‌లో ఏనుమాముల యార్డులో బస్తాలు మోసే హమాలీని నిలబెట్టేది ఈ గుప్తోష్ణమే. అయితే చెమట కారిపోతే లాభం లేదు, ఆరాలి. గాలిలో తేమ ఎక్కువైతే అది ఆరదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె ఈ రెండింటినీ కలిపి చెబుతుంది. గాలి 44 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న రోజున అది సుమారు 23. గాలి 36 డిగ్రీలే, తేమ 70 శాతం ఉన్న రోజున సుమారు 31. ఆరోగ్యవంతులైన యువకులకు కూడా శరీరం వేడి అదుపు తప్పడం మొదలయ్యేది ఆ 31 చుట్టుపక్కలే అని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. వార్తల్లో చిన్నదిగా కనిపించిన అంకె ఒంటికి పెద్ద ప్రమాదం కావచ్చు. మనవాళ్ళు ఎండను, ఉక్కపోతను వేరు వేరు మాటలతో పిలవడంలో ఈ తెలివే ఉంది.

కాబట్టి వేసవిలో ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతం కూడా చూడండి. పొడి ఎండలో తాగే నీళ్ళు, ఉప్పు ముఖ్యం. ఉక్కలో నీడ, ఆడే గాలి ముఖ్యం. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే, ఒంటి వేడి 104 ఫారెన్‌హీట్ దాటితే, అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ ఉండండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.